వెందెలీన్ నడపని గంటలు

వెందెలీన్ మాతుష్‌ని మా అణు విద్యుత్ కేంద్రంలో అందరూ వెందో అనేవారు. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడు కాబట్టి నేను వెందో బాబాయ్ అనేదాన్ని. డీజిల్ మెకానిక్. ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఏ సిలిండర్ మొరాయిస్తోందో చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ట్రాక్టరున్న ప్రతి ఇంట్లోనూ అతన్ని కూర్చోబెట్టి ప్లమ్ పండ్ల సారా పోసేవారు.

జపాన్‌లో సముద్రం పొంగి అక్కడి కేంద్రాన్ని ముంచెత్తాక, జరగదనుకున్నదానికి కూడా సిద్ధంగా ఉండమని యూరప్‌లోని కేంద్రాలన్నిటికీ చెప్పారు. అలా మా స్లొవాకియాకు, మా కేంద్రానికి కూడా, చక్రాల మీద కదిలే పెద్ద జనరేటర్ ఒకటి వచ్చింది. నారింజ రంగుది. దాన్ని గట్టు మీద ఎత్తైన షెడ్డులో పెట్టి తాళంచెవి వెందో చేతికిచ్చారు.

రియాక్టర్‌ని ఆపినంత మాత్రాన లోపలి వేడి ఆరిపోదు. పొయ్యి ఆర్పాక కూడా కుండ కుతకుతలాడినట్టు రోజుల తరబడి ఉడుకుతూనే ఉంటుంది. నీళ్ళు అందుతూ ఉండాలి. బయటి కరెంటు పోయి, లోపలి పెద్ద డీజిల్ జనరేటర్లు కూడా ఆగిపోతే మిగిలేవి బ్యాటరీలు. అవి కొన్ని గంటలే వస్తాయి. ఆలోపు ఈ నారింజ జనరేటర్‌ని తెచ్చి తగిలించాలి. లేకపోతే కంట్రోల్ రూములో ఉన్నవాళ్ళకు లోపల నీళ్ళు ఎంత మిగిలాయో కూడా తెలియదు.

ప్రతి గురువారం వెందో చెయ్యవలసిన పని ఇది: ట్యాంకు అడుగున చేరిన నీటిని వదిలెయ్యాలి, మోచేతి లావు తీగలు లాగి కలపాలి, పూర్తి భారం మీద, అంటే ఇవ్వగలిగినంత కరెంటు ఇస్తూ, ఒక గంట నడపాలి, రిజిస్టర్‌లో రాయాలి. మూడేళ్ళపాటు తోడుగా ఇంకో మనిషి ఉండేవాడు, పని సవ్యంగానే సాగింది. తర్వాత ఆ మనిషిని వేరే మరమ్మతులకు మార్చారు. ఆ తీగలు ఒక్కడివల్ల కదలవు. తోడు కావాలని వెందో పైకి రెండు కాగితాలు రాశాడు. జవాబు రాలేదు.

ఆ జనవరిలో, నేలంతా మంచు గట్టిపడ్డ ఒక గురువారం, అతను జనరేటర్‌ని భారం లేకుండా పది నిమిషాలు నడిపాడు. చప్పుడు బాగానే ఉంది. రిజిస్టర్‌లో మాత్రం 'ఒక గంట, పూర్తి భారం' అని రాశాడు. రాసేటప్పుడు ఏమీ అనిపించలేదని తర్వాత నాతో అన్నాడు. నీళ్ళు వదలాలంటే మంచు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాలి. అదీ మానేశాడు. వేసవి వచ్చాక కూడా మళ్ళీ మొదలుపెట్టలేదు. అలా ఇరవై నెలలు గడిచాయి.

నెలాఖరున ఆ పేజీ నా బల్ల మీదికి వచ్చేది. ప్రమాదాలకు సిద్ధం చేసే శిక్షణ విభాగం నాది. కింద, సరిచూశానని పెట్టే రెండో సంతకం నాదే. ప్రతి గురువారం ఇంజిన్ చమురు వేడి సరిగ్గా ఎనభై రెండు డిగ్రీలని రాసి ఉండేది. జనవరిలోనూ ఎనభై రెండే, జూలైలోనూ ఎనభై రెండే. కాఫీ తాగుతూ సంతకం పెట్టేదాన్ని.

రెండో ఏడు సెప్టెంబరులో, నిజంగా ప్రమాదం వచ్చినట్టే నడిపే పెద్ద కసరత్తు జరిగింది. పక్క దేశాల నుంచి పరిశీలకులు వచ్చారు. ఊరి బడి కూడా అందులో భాగమే. పిల్లల్ని తరగతుల్లో కూర్చోబెట్టి, కిటికీలు మూసి, బస్సులెక్కించాలి. ఉదయం తొమ్మిదీ నలభైకి కరెంటు మొత్తం పోయిందని ప్రకటించారు. వెందో జనరేటర్‌ని ట్రాక్టర్‌కి తగిలించి ముప్పై ఎనిమిది నిమిషాల్లో రియాక్టర్ భవనం గోడ దగ్గరికి తెచ్చాడు. ఆ రోజు నలుగురు మనుషుల్ని ఇచ్చారు కాబట్టి తీగలు కలిశాయి. మీట నొక్కగానే ఇంజిన్ అందుకుంది. భారం ఎక్కించారు.

పన్నెండో నిమిషంలో దాని గొంతు దిగిపోయింది. రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగింది. వెందో డీజిల్ వడపోత డబ్బా మార్చి మళ్ళీ నడిపాడు. ఈసారి ఎనిమిది నిమిషాలు. ఇంకోటి మార్చాడు. అది ఐదు నిమిషాలే. ఆ తర్వాత మార్చడానికి మరో డబ్బా లేదు.

పరిశీలకుడొకడు చేతి గడియారం చూసుకుని ఏదో రాసుకున్నాడు. వెందో డబ్బా విప్పాడు. లోపల నల్లటి జిగురు. డీజిల్ అడుగున నీళ్ళు నిలిచిపోతే ఆ రెండూ కలిసేచోట పుట్టే పాచి అది. నెలల తరబడి అక్కడే పేరుకుని, ఇంజిన్ గట్టిగా పీల్చేసరికి కదిలి వచ్చి అడ్డుపడింది. అది ఎక్కడిదో అతనికి చూడగానే తెలిసింది. నేను పక్కనే ఉన్నాను. అతను చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“డీజిల్ బాగాలేదు,” అన్నాడు.

ఆ ఒక్క మాట వెళ్ళి ఆర్పాద్ మీద పడింది. ఆర్పాద్ మా ఇంధన గిడ్డంగి చూసేవాడు. వెందో కూతురికి చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డను ఎత్తుకుని నిలబడింది అతనే. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం వెందో ఇంట్లోనే. విచారణ తేలేదాకా అని అతన్ని గిడ్డంగి నుంచి తీసి, గేటు దగ్గర లారీలు చూసే పనిలో పెట్టారు. ఊరికి అంతకంటే ఏం కావాలి? సారాయి కొట్లో ఒకడు తన బీరు గ్లాసు ఆర్పాద్ ముందుకు తోసి, ఇందులో కూడా నీళ్ళు కలిపావేమో కాస్త చూసి చెప్పన్నాడట. అందరూ నవ్వారట. ఆర్పాద్ మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళలేదు.

ఆదివారం భోజనానికి మాత్రం వచ్చాడు. వెందో భార్య ఓత్తీలియ కోడి సూప్ వడ్డించింది. ఆర్పాద్ చెంచా పట్టుకున్నాడు గాని తినలేదు.

“నువ్వే చెప్పరా వెందో. నా ట్యాంకుల్లోంచి నీళ్ళొస్తే తక్కిన డీజిళ్ళు కూడా ఆగాలిగా? అవి నిక్షేపంగా నడుస్తున్నాయే. నీ ఒక్కదానికే ఏం రోగం వచ్చింది?”

“ఏమోరా, పోసే గొట్టంలో ఏమైనా ఉందేమో,” అన్నాడు వెందో, సూప్ తింటూనే.

అప్పుడు ఓత్తీలియ, మాట మళ్ళిద్దామని, బడి సంగతి ఎత్తింది. ఆమె ఆ బడిలో వంటమనిషి. కసరత్తు రోజున పిల్లలకు రేడియేషన్ నుంచి కాపాడే అయోడిన్ మాత్రలకు బదులు పంచదార బిళ్ళలు ఇచ్చారట. ఒకటో తరగతి పిల్ల ఒకతి బిళ్ళ చప్పరిస్తూ, కేంద్రం నిజంగానే పాడైపోతే ఎవరు బాగుచేస్తారని అడిగిందట.

“మా ఆయన చేస్తాడే, ఆయన ఉండగా నీకేం భయం లేదని చెప్పా,” అంది ఓత్తీలియ.

వెందో లేచి కోళ్ళకు గింజలు వెయ్యాలని పెరట్లోకి వెళ్ళాడు. గింజలు పొద్దునే వేశాడు. కోళ్ళగూడు వెనక నిలబడి, లోపల ఆర్పాద్ ఓత్తీలియతో మెల్లగా మాట్లాడుతున్న చప్పుడు వింటూ ఉండిపోయాడు. ఆ మధ్యాహ్నం తన చేతుల్ని చూసుకోవడానికి కూడా సిగ్గేసిందని తర్వాత నాతో అన్నాడు. ఇంకో నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి. ఆర్పాద్ వస్తూనే ఉన్నాడు.

అక్టోబరు చివర విచారణ సంఘం తన నివేదిక చదవడానికి కూర్చుంది. తప్పు ఇంధన సరఫరాదని రాసుకొచ్చారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. గోడవారగా ఆర్పాద్. వెందోని సాక్షిగా పిలిచారు, ఇంజిన్ ఎలా ఆగిందో చెప్పడానికి.

అతను లేచాడు. టోపీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

“ఆర్పాద్ డీజిల్ శుభ్రంగానే ఉందండి. ట్యాంకులో నీళ్ళు నేను వదల్లేదు. గంట నడిపానని రాశాను, నడపలేదు. ఇరవై నెలలు. పది నిమిషాలు చప్పుడు విని తాళం వేసి వెళ్ళిపోయేవాణ్ణి.”

ఎందుకలా చేశావని అధ్యక్షుడు మెత్తగానే అడిగాడు. తోడు మనిషి కోసం రాసిన రెండు కాగితాల నకళ్ళు ఆ రోజు వెందో కోటు జేబులో ఉన్నాయి, నాకు తెలుసు. పొద్దున నాకు చూపించాడు. వాటిని తియ్యలేదు.

“చప్పుడు బాగుంది కదా అనుకున్నానండి,” అని కూర్చున్నాడు.

ఆ కాగితాలు ఎందుకు తియ్యలేదని బయటికొచ్చాక అడిగాను. “అవి తీస్తే నాకు కొంచెం తేలికయ్యేదమ్మా. నా నోటితో ఆర్పాద్‌ని నెల్లాళ్ళు గేటు దగ్గర నిలబెట్టాక నాకు తేలికేంటి,” అన్నాడు.

నా రెండో సంతకం గురించి ఆ గదిలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అతను ఒంటరిగా నిలబడి ఉంటే చూస్తూ కూర్చున్నాను. ఆ రిజిస్టర్ చంకన పెట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఎనభై రెండు డిగ్రీల వరస చూపించాను. చూసీ చూడనట్టు పెట్టిన సంతకాలని చెప్పాను. వెందో రాసిన కాగితాల సంగతీ చెప్పాను. అప్పుడు వెతికితే రెండూ పై అంతస్తులో ఒక ఫైల్లో దొరికాయి. ఎవరూ విప్పి చూడలేదు.

వెందోని జనరేటర్ నుంచి తప్పించి వర్క్‌షాపులో వేశారు. నన్ను ఏడాదిపాటు సంతకాల నుంచి పక్కన పెట్టారు. జనరేటర్‌కి ఇద్దరు మనుషులు వచ్చారు, భారం మీద నడిపేటప్పుడు మూడోవాడు అక్కడే నిలబడి చూడాలన్న నియమం వచ్చింది. ఆర్పాద్‌కి గిడ్డంగి తిరిగిచ్చారు. కాని అతను ఆదివారాలు రావడం మానేశాడు. ఓత్తీలియ వెళ్ళి పిలిస్తే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

“నింద వేశాడని కాదు వదినా. భయంతో ఎవడైనా ఏదో ఒకటి అనేస్తాడు. నేను ఎదురుగా కూర్చుని అడుగుతుంటే సూప్ తిన్నాడు చూడు, అదే నాకు మింగుడు పడట్లేదు,” అన్నాడట.

మరుసటి ఏడాది వసంతంలో కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి చెప్పమని నేను వెందోని అడిగాను. వారం ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆరేళ్ళలో పదకొండుసార్లు చెప్పాడు. ప్రతిసారీ నల్లబల్ల దగ్గర నిలబడేసరికి మెడ ఎర్రబడేది, మాట తడబడేది. అలవాటైపోతుందిలే బాబాయ్ అని ఒకసారి అన్నాను. అలవాటైతే పంపించెయ్యమ్మా, అప్పుడు నేను చెప్పినా ఉపయోగం ఉండదన్నాడు.

ఎనిమిదోసారి చెప్తున్నప్పుడు తలుపు తోసుకుని ఆర్పాద్ వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పిలిచింది నేను కాదు. వెందో అతన్ని చూసి ఆగిపోయాడు, కాసిన్ని నీళ్ళు తాగాడు, ఆదివారం సూప్ సంగతితో సహా మొత్తం చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ సూప్ సంగతి ఎత్తలేదు. తరగతి ముగిసి కుర్రాళ్ళు వెళ్ళిపోయాక ఆర్పాద్ కోటు తొడుక్కుంటూ, తన కారు రిపేరులో ఉందని, ఊళ్ళోకి దింపుతావా అని వెందోని అడిగాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు. కారులో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.