తీసినవా అంటే తీసిన అన్నాను

ఆ రోజు పొద్దుటి నుంచే గాజు గరాటు బిరడా సరిగ్గా కూర్చోవడం లేదు. నొక్కి పెడితే పక్కకు జారుతోంది, పట్టుకుని ఊపితే అంచు నుంచి నూనె కారుతోంది. అసలే నాకు ముక్కు మీద కోపం. ఆ చిరాకులో నేను చేసిన పని మా తమ్ముడి కళ్ళ మీదికి వచ్చింది. ఈ మాట చాలా రోజులు మింగి బతికాను. ఇప్పుడు దాచకుండా రాస్తున్నాను.

మాది బాన్సువాడ. నేను బీడీలు చుట్టేదాన్ని. తమ్ముడు నరహరి పట్నంలో రసాయన శాస్త్రం చదివి వచ్చాడు. యుద్ధం రోజులు, సీమ మందులు దొరకడం లేదు. కీళ్ళ నొప్పులకు పూసే నూనె మనమే తీయవచ్చని వాడు ఇంటి వెనక కొట్టంలో గాజు సామాను పెట్టాడు. సాలిసిలిక్ యాసిడ్ అనే తెల్లపొడి, వుడ్ స్పిరిట్, దానికి కాస్త తేజాబు, అదే గంధకామ్లం, కలిపి, బుడ్డిని వేడినీళ్ళలో నిలబెట్టి గంటల తరబడి మరిగించాలి. ఆ వేడినీళ్ళు కూడా వాకిట్లో పొయ్యి మీద కాచి మోసుకు రావాలి. స్పిరిట్ ఉన్న చోట నిప్పు ఉండకూడదనేవాడు. నేను బీడీల మనిషిని కదా, కొట్టంలోకి వచ్చే ముందు కొంగుముడిలో అగ్గిపెట్టె లేదని విప్పి చూపించాలి. నాకు అదో అవమానం.

చల్లారాక దాన్ని నీళ్ళలో పోసి, కింద తిప్పే కుళాయి ఉన్న గాజు గరాటులోకి ఎత్తి, మిగిలిన తేజాబు చావడానికి తినేసోడా కరిగించిన నీళ్ళు కలపాలి. కలపగానే బుసబుసమని పొంగుతుంది. బిరడా అదిమిపట్టి, తలకిందులు చేసి, ఒకసారి ఊపి కుళాయి విప్పాలి. లోపలి గాలి సుయ్‌మని పోతుంది. మళ్ళీ ఊపాలి, మళ్ళీ విప్పాలి. "ఊపినప్పుడల్లా గ్యాస్ తియ్యాలె అక్కా" అని వాడు వందసార్లు చెప్పాడు. ఎందుకో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. కుళాయి విప్పినప్పుడల్లా ఆ ఘాటు వాసన గుప్పున కొట్టేది. వాసన పోతే మందులో సత్తువ పోతుందని నా లెక్క. తొక్కు జాడీకి వాసెన గుడ్డ కట్టకుండా వదిలేసే ఆడది ఎక్కడైనా ఉంటుందా?

అందుకని ఆ రోజు బిరడా మీద గుడ్డ కప్పి, బీడీ దారం పది పన్నెండు చుట్లు బిగించి ముడేశాను. దారం కట్టడంలో నా చేతికి తిరుగులేదు. రెండుసార్లు ఊపి స్టాండు మీద పెట్టాను. కుళాయి ముట్టుకోలేదు.

నరహరి అంగడి నుంచి వచ్చి చూశాడు. "గీ గుడ్డ ఏంది?"

"కారుతుంది, కట్టిన."

"గ్యాస్ తీసినవా?"

"తీసిన తియ్. ఎన్నిసార్లు అడుగుతవ్?"

నా మాట నమ్మాడు. నూనె ఎక్కడ విడిందో చూద్దామని గరాటు ఎత్తి కిటికీ వైపు, కళ్ళకు దగ్గరగా పట్టుకుని తలకిందులు చేశాడు. టపాకాయ పేలినట్టయింది. గాజు ముక్కలు, తేజాబు నీళ్ళు వాడి ముఖాన పడ్డాయి.

"నీళ్ళు పొయ్యి అక్కా, నీళ్ళు పోస్తనే ఉండు" అని వాడు నేల మీద కూలబడ్డాడు. నేను రెండు చెంబులు పోశాను. అంతలో మమ్మల్ని కన్న అవ్వ వచ్చి నా చేతిలో చెంబు గుంజుకుంది. "కాలినదాని మీద నీళ్ళు పోస్తరానే, బొబ్బలు లేస్తయ్" అంది. మా అవ్వకు వాళ్ళ అవ్వ అదే చెప్పింది, నాకు మా అవ్వ అదే చెప్పింది. పక్కింటి బాలింత చేత కళ్ళలో చనుబాలు పోయించాం. ముఖానికి నెయ్యి రాశాం. వాడు నీళ్ళు నీళ్ళని కొట్టుకుంటుంటే చేతులు గట్టిగా పట్టుకున్నది నేనే.

ఊరి దవాఖాన డాక్టరు మొదట అడిగింది ఒకటే. "ఎంతసేపు నీళ్ళు పోసిండ్రు?"

"రెండు చెంబులు" అన్నాను.

ఆయన వెంటనే కళ్ళు కడగడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడిగాక అన్నాడు: "గీ పని మీ ఇంట్లనే అరగంట చేసుంటే బాగుండె. ఇగ పట్నం తీస్కపోండ్రి."

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో కామారెడ్డి, అక్కడి నుంచి రైలు. దారి పొడుగునా వాడు నా భుజం మీద తల పెట్టుకుని పళ్ళు బిగపట్టి కూర్చున్నాడు. తిడితే బాగుండునని దేవుడికి మొక్కాను.

పట్నంలో పెద్ద డాక్టరు టార్చి వేసి చూశాడు. "రెండు కార్నియాలు, కంటిపాప మీది పొరలు, కాలినయ్. కుడిది మొత్తం తెల్లబడ్డది, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఎడమది ఇప్పుడే చెప్పలేను." ఎట్రోపిన్ చుక్కలు, ఆయింట్‌మెంట్, రెండు కళ్ళకూ బ్యాండేజీ. రెప్ప కంటికి అతుక్కుపోకుండా రోజూ పొద్దున రెప్ప కింద సన్నని గాజు కడ్డీ పెట్టి తిప్పేవాళ్ళు. అప్పుడు వాడు వేసే కేక విని వార్డులో మిగతా రోగులు చెవులు మూసుకునేవారు. నేను మూసుకోలేదు. నాకు ఆ శిక్ష కావాలనిపించేది.

తొమ్మిదో రోజున బ్యాండేజీ విప్పితే ఎడమ కంట్లో చీము. "అల్సర్, పుండు అయింది. నడిమికి పాకితే ఇది కూడా పోతది" అన్నాడు డాక్టరు. సల్ఫా మాత్రలు మొదలుపెట్టారు. వాంతులు, జ్వరం. గంగాళం నీళ్ళున్న ఇంట్లో రెండు చెంబులతో ఆపేశానే అని నా తల నేనే కొట్టుకున్నాను. డాక్టరు కాళ్ళ మీద పడ్డాను. "నా కన్ను తీసి వానికి పెట్టుండ్రి సారూ. బీడీలు నేను కళ్ళు మూసుకోని చుడ్త."

"గట్ల కుదరదమ్మా. నువ్వు అన్నం తిను, లేకుంటే వాణ్ని చూసేటోళ్ళుండరు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాడికి గంజి తాగిస్తున్నాను. ఇక ఆగలేకపోయాను. "తమ్మీ, ఆ దినం నేను గ్యాస్ తియ్యలే. తీసిన అని అబద్ధం చెప్పిన."

వాడు గంజి మింగి, "తెలుసు" అన్నాడు. "తీసి ఉంటే పగలదు కదా అక్కా. కింద పడ్డప్పుడే తెలిసింది."

"మరి అనవేందిరా?"

"తియ్యకపోతే ఏమైతదో నేను ఏనాడన్న చెప్పిననా? నీకు పని చెప్పిన, భయం చెప్పలే. గది నా తప్పు." గంజి గిన్నె పక్కకు నెట్టి అన్నాడు. "కని, తియ్యలే అని ఒక్క మాట అనుంటే అయిపోతుండె. గదే నా మనసుల నుంచి పోతలేదు."

తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు నాదే కదా, నేనూ పలకరించలేదు. గంజి మాత్రం తాగించాను.

అల్సర్ నడిమికి రాకుండా ఆగింది. నెలన్నర తర్వాత డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే, ఎడమ కంటితో మూడని చెప్పాడు. అవి మూడే. నేను వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాను. కుడి కన్ను రాలేదు, ఇక రాదు.

యుద్ధం ముగిసి ఏడాది దాటింది. వాడు మళ్ళీ కొట్టంలో పని చేస్తున్నాడు. పెద్ద అక్షరాలు చదువుతాడు, సాయంత్రమైతే గోడలు తడుముకుంటూ నడుస్తాడు. నా పాపం వాడి ముఖాన రోజూ కనిపిస్తుంది. గరాటు ఊపడం ఇప్పుడు పూర్తిగా నా పనే. గ్యాస్ తీశానని నోటితో చెప్పను. గరాటును వాడి చెవి దగ్గరికి తెచ్చి, కుళాయి మూతిని మా ముఖాలకు అవతలికి తిప్పి, కుళాయి విప్పుతాను. వాడు విని తలూపితేనే మళ్ళీ ఊపుతాను.

ఇది చదివే అక్కలకు, అవ్వలకు ఒకటే చెబుతాను. కంట్లో తేజాబు పడినా, సున్నం పడినా, మరేది పడినా పాలు వద్దు, నెయ్యి వద్దు. రెప్పలు విప్పి పట్టుకుని మంచినీళ్ళు పోయండి. పెద్దవాళ్ళు చెంబు గుంజుకుంటే తిరిగి గుంజుకోండి. మీ చేయి పడిపోతే ఇంకొకరి చేతికి చెంబిచ్చి, దవాఖానకు బండి వచ్చేదాకా పోస్తూనే ఉండండి.