ముందు రాలిన జుట్టు మీద

మీ తలకి పట్టించే సీసాలో ఏముందో మీరు ఎప్పుడైనా అడిగారా? బండి దగ్గర వంకాయ కొంటే పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తారు. చీర కొనేముందు రంగు పోతుందా అని షాపువాడిని నిలదీస్తారు. మరి సెలూన్ కుర్చీలో కూర్చోగానే మెడకి గుడ్డ కట్టించుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క మాటైనా అడక్కుండా తల ఎందుకు అప్పగిస్తారు? నేనూ అలాగే అప్పగించేదాన్నేమో, పదేళ్ళ వయసులో ఒక మనిషి నా తలకి అడ్డం పడకపోయి ఉంటే.

నా చిన్నప్పుడు మేము బొబ్బిలిలో ఉండేవాళ్ళం. నా జుట్టు పుట్టుకతోనే ఉంగరాలు. ఇప్పుడైతే ఎవరైనా ముచ్చటపడతారేమో గానీ, అప్పుడు మా బడిలో నా పేరు తాటిపీచు. పండు చీకి పారేసిన తాటిటెంక ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పక్కర్లేదు. అమ్మ రోజూ పొద్దున్నే నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఇనప పళ్ళ దువ్వెనతో మాడు నుంచి కిందికి లాగేది. నేను ఏడిచేదాన్ని. ఆమె విసుక్కునేది. ఇద్దరం ఓడిపోయి లేచేవాళ్ళం.

దువ్వడం అయ్యాక నేల మీద రాలిన జుట్టంతా మా నాయనమ్మ ఏరేది. ఒక్క వెంట్రుక కూడా వదలకుండా ఉండ చుట్టి చూరులో దోపేది. ఆ జుట్టు గిట్టనివాళ్ళ చేతిలో పడితే చేతబడి చేసి చిల్లంగి పెడతారని ఆమె భయం. జుట్టుకి ఏం చేస్తే మనిషికి అదే జరుగుతుందని ఆమె గట్టిగా నమ్మేది. వాకిట్లోకి వచ్చిన బుడగలవాడు ఆ ఉండలకి బదులు పిన్నులు, బుడగలు ఇస్తానంటే తిట్టి పంపేది. ఆ ఉండలు పట్టుకెళ్ళడానికి మా ఇంట్లో అనుమతి ఉన్నది ఒక్కరికే. ఆమెని వీధంతా సవరాలప్ప అని పిలిచేది. మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉండేది. రాలిన జుట్టు చిక్కు విడదీసి, కుంకుడు రసంతో కడిగి, ఎండలో ఆరేసి, పొడుగు వారీగా ఏరి, దారంతో బిగించి సవరాలు కట్టేది. పెళ్ళికూతుళ్ళకి జడ వెయ్యడానికీ ఆమెనే పిలిచేవాళ్ళు. ఆమె సొంత జడ మాత్రం చూపుడు వేలంత ఉండేది. ఎవరైనా ఎగతాళి చేస్తే, మిఠాయి కొట్టోడు రోజూ మిఠాయే తింటాడేటి అని నవ్వేసేది.

ఆ ఏడు మా బడి వార్షికోత్సవానికి ఆడపిల్లల చేత కోలాటం వేయిస్తున్నారు. అందరూ నున్నగా దువ్వుకుని, రెండు జడలు వేసుకుని, ఎర్ర రిబ్బన్లతో మడిచి కట్టుకు రావాలన్నారు. మా పంతులమ్మ నా తల వంక చూసి, జుట్టు అణిగితే ముందు వరస, లేకపోతే వెనక వరస అని చెప్పింది. అందరిలోకీ బాగా ఆడేది నేనే. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఇంటికొచ్చి గచ్చు మీద పడి ఏడిచాను.

నా ఏడుపు చూడలేక మా నాయనమ్మ సంతకి వెళ్ళి ఒక సీసా కొనుక్కొచ్చింది. ఎంత ముడిజుట్టయినా ఒక్క పూతతో పట్టుదారంలా సాగుతుందని అమ్మినవాడు చెప్పాడట. విశాఖపట్నం నుంచి తెచ్చిన మందట. చిక్కగా, తెల్లగా ఉంది. మూత తియ్యగానే సున్నం బట్టీ దగ్గర నిలబడినట్టు ఘాటు. నాయనమ్మకి చూపు ఆనదు కాబట్టి, ఆదివారం పొద్దున్న ఆ మందు నా తలకి రాయడానికి సవరాలప్పని పిలిపించింది.

నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టారు. సవరాలప్ప సీసా వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఇందులో ఏం కలిపారు, ఎంతసేపు ఉంచాలి, మండితే ఏం చెయ్యాలి అని నాయనమ్మని వరసగా అడిగింది. నాయనమ్మకి ఒక్కటీ తెలీదు. అమ్మినవాడి పేరేమిటి, ఊరేమిటి అంటే అదీ తెలీదు. మందు మందే కదా, రాయక ఈ ఆరాలేమిటని కసిరింది. అప్పుడు సవరాలప్ప సీసాకి మూత బిగించి అన్న మాట, అది జరిగి అరవై ఏళ్ళు దాటినా నా చెవిలో అలాగే ఉంది.

"అత్తా, రాలిపోయిన జుట్టు బుడగలోడికి ఇవ్వడానికి నీకు భయం. నెత్తి మీదున్న జుట్టు ఊరూ పేరూ తెలీనోడికి ఇచ్చీసావేటి?"

సవరాలప్ప నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నీకేటి కావాలే గుంటా?"

నా తల గురించి అప్పటిదాకా ఇంట్లో అందరూ మాట్లాడారు. నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నాకు ముందు వరస కావాలని చెప్పాను. జుట్టు సాపుగా కావాలా అని మళ్ళీ అడిగింది. నేను ఆలోచించాను. అది నాకు ఎప్పుడూ అక్కర్లేదు. నాకు కావలసింది వేరు, నా తలకి వాళ్ళు చెయ్యబోతున్నది వేరు. పదేళ్ళ పిల్లకి ఆ తేడా ఆ పీట మీద తెలిసింది.

ఆమె లేచి, చూరులోంచి నా జుట్టు ఉండ ఒకటి లాగింది. కొత్త రంగు ఏది వచ్చినా సవరానికి పెట్టేముందు చిటికెడు జుట్టు మీద పెట్టి చూడటం ఆమె పనిలో అలవాటు. కొబ్బరి చిప్పలో ఆ ఉండ వేసి, పైన సీసాలోది వొంపబోయింది. నాయనమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ జుట్టుకి ఏమైనా అయితే పిల్లకి అవుతుందని ఆమె గోల. సవరాలప్ప నిదానంగా, గుంట ఎదురుగానే ఉంది కదా, ఏటవుతాదో ఇద్దరం సూద్దాం అని వొంపేసింది.

అన్నం ఉడికి వార్చేంతసేపు ముగ్గురం ఆ చిప్ప చుట్టూ కూర్చున్నాం. నేను రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, ఎప్పుడు మండుతుందా అని చూస్తున్నాను. ఆఖరికి ఆమె పుల్లతో ఉండని ఎత్తింది. ఎత్తడానికి అక్కడ ఉండ లేదు. జుట్టంతా గంజి అడుగున పేరుకున్న జిగురులా కరిగి, పుల్ల మీంచి సాగి కారిపోయింది. నాయనమ్మ ఓలమ్మో అంటూ నా తల పట్టుకుని పాయ పాయా తడిమింది. ఉంగరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నొప్పెడుతోందా, మండుతోందా అని సవరాలప్ప అడిగింది. లేదని తల ఊపాను.

"సూసావా అత్తా. అక్కడ జుట్టు కరిగిపోనాది, ఇక్కడ గుంటకి ఏటీ అవనేదు. చిల్లంగి అబద్ధం. ఈ మందు మాత్రం అబద్ధం కాదు."

ఒక్క కొబ్బరి చిప్పతో ఆ మనిషి రెండు సంగతులు తేల్చింది. లేనిదానికి భయపడటం ఆపమంది, ఉన్నదానికి భయపడటం నేర్పింది. ఆ తరవాత నేను చాలా పుస్తకాలు చదివాను, చాలా సభల్లో వాదించాను. అంత పొట్టి వాదన, అంత తిరుగులేనిది, ఇంకెక్కడా వినలేదు.

సీసా దిబ్బ మీదికి పోయింది. సవరాలప్ప నా జుట్టు తడిపి, కొబ్బరినూనె రాసి, దువ్వెన పక్కన పెట్టి వేళ్ళతో మొదలుపెట్టింది. మాడు దగ్గర కాదు, కొసల దగ్గర. చిక్కు తగిలిన చోట ఆగి, ఇక్కడ లాగొచ్చా అని అడిగేది. వద్దంటే వదిలేసి ఇంకో పాయ పట్టుకునేది. ఆ పూట నేను ఏడవలేదు. గుమ్మంలో నిలబడి చూసిన అమ్మ, మర్నాడు ఇనప దువ్వెన తీసి దాచేసింది. నాయనమ్మ మాత్రం పోయేదాకా జుట్టు ఉండలు చూరులో దోపుతూనే ఉంది. నమ్మకం ఒక్క చిప్పలో కరిగే పదార్థం కాదు.

నన్ను ముందు వరసలో నిలబెట్టారని మీరు అనుకుంటే పొరపాటు. జడల కింద ఉంగరాలు పొడుచుకొచ్చాయని పంతులమ్మ నన్ను వెనక్కే పంపింది. నాకు సవరాలప్ప మీద పీకలదాకా కోపం వచ్చింది. వారం రోజులు వీధిలో ఎదురైతే మొహం తిప్పుకున్నాను. ఆమె ఏమీ బతిమాలలేదు. ఒకసారి నన్ను దాటిపోతూ, వెనకోళ్ళ కర్రలు సప్పుడు సెయ్యవేటి అని మాత్రం అంది. పంతులమ్మ చేసింది అన్యాయమని నాకు ఆ తరవాత అర్థమైంది. ఆ అన్యాయానికి నా నెత్తి కాల్చుకోవడం విరుగుడు కాదనీ అర్థమైంది.

మొన్నీమధ్య మా మనవరాలితో విజయనగరంలో ఒక సెలూన్‌కి వెళ్ళాను. దానివీ నా ఉంగరాలే. భోగాపురం విమానాశ్రయంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని, కొసలు కత్తిరించమని అడిగింది. కత్తెర పట్టుకోవలసిన కుర్రవాడు గిన్నెలో ఏదో క్రీము కలుపుతున్నాడు. ఏమిటని అడిగితే స్మూతెనింగ్ అన్నాడు. ఇంటర్వ్యూకి రింగులు బాగోవు ఆంటీ, అందరికీ ఇదే చేస్తున్నాం అన్నాడు. గిన్నె దగ్గరికి వంగితే నా కళ్ళు మండాయి. అందులో ఏముంది, ఎంతకాలం ఉంటుంది, మళ్ళీ దాని ఉంగరాలు దానికి వస్తాయా అని అడిగాను. అతనికి తెలీదు. నేను కింద పడి ఉన్న జుట్టు కొంచెం ఏరి, ముందు దీని మీద వెయ్యి బాబూ అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. మనవరాలు మెడ గుడ్డ విప్పేసి లేచింది.

అప్పుడు చివరి కుర్చీ దగ్గర పనిచేస్తున్న అమ్మాయి వచ్చింది. మా మనవరాలి జుట్టు ముట్టుకోకుండానే, మీకేం కావాలండీ అని దాన్నే అడిగింది. కొసలు మాత్రమే అంటే కొసలు మాత్రమే కత్తిరించింది. రింగు ఆరాక పైకి లేస్తుంది కాబట్టి పొడుగు కొంచెం ఎక్కువే ఉంచుతున్నానని ముందే చెప్పింది. ఆ చేతుల్లో నాకు సవరాలప్ప కనిపించింది. ఇప్పుడు మా ఇంట్లో అందరం ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తున్నాం. మా పిల్ల ఉంగరాలతోనే ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఫలితం ఇంకా రాలేదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ తల దానిదే.

సాపు జుట్టు మీద నాకు పగ లేదు. కావాలనుకున్నవాళ్ళు, తెలుసుకుని, తమ ఇష్టంతో చేయించుకోవచ్చు. నాకు పగ ఉన్నది అడగని చేతుల మీద, అడగనివ్వని తొందర మీద. మంచి పనిమంతురాలిని బోర్డు చూసి, అద్దాల మెరుపు చూసి నమ్మక్కర్లేదు. ముందు మిమ్మల్ని అడుగుతుందా, తెలీనిది తెలీదంటుందా, వద్దంటే ఆగుతుందా చూడండి. ఆ మూడూ ఉంటే నిశ్చింతగా తల అప్పగించండి. పదేళ్ళప్పుడు పీట మీద నేర్చుకున్న ఆ పరీక్షనే నేను ఇన్నేళ్ళుగా సెలూన్‌కీ, మందుల షాపుకీ, ఓటు అడగడానికి వచ్చినవాడికీ పెడుతున్నాను.

ఈసారి మీరు కుర్చీలో కూర్చున్నప్పుడు, మెడకి గుడ్డ కట్టనిచ్చే ముందే అడగండి. జవాబు చెప్పలేకపోతే, ముందు రాలిన జుట్టు మీద వెయ్యమనండి. దానికీ ఒప్పుకోకపోతే, లేచి బయటికి రండి.