బట్టతలకు జుట్టు మొలిచిన ఐర్లండు హాఫ్

ఇందులో ప్రతి మాటా నిజం. కావాలంటే మా అమ్మ పట్టుపురుగుల తట్ట మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాను. మా ఇంట్లో దేవుడి పటం కన్నా ఆ తట్టకే భయం ఎక్కువ. నన్నెరిగినవాళ్లు నవ్వుతారని తెలుసు. కుప్పం గ్రౌండులో బంతిని గట్టిగా తంతే ఒక పక్క తమిళనాడులో పడుతుందని, ఇంకో పక్క కర్ణాటకలో పడుతుందని, దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే మూడు భాషలు రావాలని ఊరంతా చెప్పుకొచ్చింది నేనే. ఇది ఆ రకం కాదు.

డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలవుతున్న రోజులు. మదనపల్లె పక్కనే మా పల్లె. వేరుశనగతో విసిగిపోయి, బావి కిందున్న కాస్త నేలలో మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపడం మొదలుపెట్టాం. ఇంట్లో రెండు గదులు, పెద్దది పురుగులది. వాటికి వేళకు ఆకు, వేళకు నిద్ర. నాకు ఆ రెండో భాగ్యం లేదు. పది నిమిషాలు ఒకచోట కూర్చుంటే ఒంటి మీద చీమలు పాకినట్టుండేది.

"కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతాండావు. పురుగులే నయం, తిన్నాక ఒక సోట పండుకుంటాయి" అనేది అమ్మ.

అలాంటివాణ్ణి మదనపల్లె ఫుట్‌బాల్ జట్టులో ఎక్స్‌ట్రాగా పెట్టారు. అంటే గీత బయట కూర్చోవడమే నా పని. గీత లోపల, సరిగ్గా మధ్యలో ఆడేవాడు నా స్నేహితుడు. వాళ్లది పుంగనూరు. తండ్రీకొడుకులు లారీలకూ బస్సులకూ రేకు కొట్టే షెడ్డు నడిపేవారు. రేకు మీద సుత్తి వేసే ముందు వాళ్ల నాయన ఒక చూపు చూసేవాడు, దెబ్బ ఎక్కడ పడాలో అని. కొడుకు గ్రౌండులో అదే చూపు చూసేవాడు. బంతి కాలి దగ్గరికి రాకముందే అది ఎవరికి పోవాలో అతని కళ్లలో రాసి ఉండేది.

ఒక ఆటలో అతని మోకాలు మెలిపడింది. ఎముకల వైద్యానికి పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. కట్టు విప్పిన రోజు కట్టు కట్టిన పెద్దాయన ఒకటే చెప్పాడు: నడువు, పని చేసుకో, పరుగు మాత్రం మరిచిపో, ఇంకోసారి మెలిపడితే నా చేతిలో లేదు. నా స్నేహితుడు బూట్లను గోనెసంచిలో చుట్టి షెడ్డు అటక మీద పడేశాడు.

రెండు నెలల్లో కుప్పంలో ఆట ఉంది. అవతలి జట్టు బంగారు గనుల నుంచి వస్తుంది. పగలంతా భూమి లోపల రాళ్లు కొట్టే మనుషులు. మధ్యలో ఎవరు నిలబడతారని మా కెప్టెన్ అందర్నీ చూసి, చివరికి నన్ను చూశాడు. ఆ చూపుతో నాకు ఉన్న కాస్త నిద్రా పోయింది.

అదే సమయానికి మా వైపు ఆసుపత్రిలో పనిచేసిన ఐర్లండు నర్సమ్మ ఒకామె రిటైరై దేశానికి వెళ్లిపోయింది. ఆమెకు ఇంటి నుంచి ఏళ్ల తరబడి ఓడలో వచ్చిన పేపర్లన్నీ పాత పేపర్ల అంగడికి చేరాయి. పురుగుల కింద పరచడానికి అమ్మ ఆ కట్టలు కొని తెచ్చింది. తట్ట శుభ్రం చేసినప్పుడల్లా పైనుంచి ఒక పేపరు తీసి పరిచేది. పరిచేలోగా ఆటల పేజీ నేను కాజేసేవాణ్ణి.

మొట్టమొదటి పేజీలో ఒక బట్టతలాయన బెంచీ మీద కాలు చాపుకొని ఉన్నాడు. ఐర్లండువాడు, హాఫ్, అంటే మావాడిలాగే మధ్యలో ఆడేవాడు. ఇంగ్లండులో పదిహేనేళ్లు ఆడాడు. మోకాలికి మూడోసారి ఆపరేషన్, ఇక ఆట లేదు. ఆదివారం బస్సెక్కి పుంగనూరు పోయి అది స్నేహితుడికి చదివి చెప్పాను. అతనికి ఇంగ్లీషు రాదు. ఫోటోను చాలాసేపు చూశాడు.

"నా మాదిరే" అని, మళ్లీ సుత్తి అందుకున్నాడు.

మరుసటి వారం కింది పేపరులో అదే మనిషి, మోకాలికి పట్టీ వేసుకొని ఏదో చిన్న ఊరి జట్టులో ఆడుతున్నాడు. పేజీ పైన తేదీ చూశాను. ఏడాది ముందుది. కట్టలో కొత్తది పైన, పాతది కింద. దిగేకొద్దీ కాలం వెనక్కి పోతోంది. నాకు క్షణంలో అర్థమైంది. మరుక్షణం అమ్మ ఆకు తరిగే కత్తి తీసుకొని తేదీ ఉన్న అంచును కోసేశాను.

"ఆడతాండాడు" అన్నాను షెడ్డులో అడుగుపెడుతూనే.

"ఎవురు?"

"నీ మోకాలాయన. కట్టు విప్పేసినారు, గ్రౌండులోకి దిగినాడు."

ఆ రోజు అతను ఆ పేజీని తన దగ్గరే ఉంచుకున్నాడు.

అక్కడి నుంచి వారం వారం ఐర్లండాయన బాగుపడుతూ వచ్చాడు. చిన్న జట్టు నుంచి కాస్త పెద్ద జట్టుకు, అక్కడి నుంచి కెప్టెన్‌గిరీకి. వానలో, బురదలో, మోకాళ్ల దాకా మన్నుతో. తరువాత ఆకుపచ్చ చొక్కాలో సొంత దేశం తరఫున. మంచం పట్టినవాడు ప్రపంచాన్ని ఏలుతున్నట్టే ఉండేది. ఒక్కటే చిక్కు: జుట్టు. పేపరు పేపరుకూ ఆయన బట్టతల మూసుకుపోతోంది.

స్నేహితుడు ఫోటోలు వరసగా బల్ల మీద పరిచాడు. "ఏందప్పా ఇది, జుట్టు గూడా మొలస్తాండాది?"

"ఆ దేశంలో ఏదో నూనె ఉండాదంట."

లారీ కింద పడుకొని పని చేస్తున్న వాళ్ల నాయన తల బయటికి పెట్టాడు. ఆయనదీ నున్నటి తలే. "క్యా రే, ఆ నూనె పేరు రాసినారా పేపర్లో? రాసుంటే సూడు, నాకూ ఒక సీసా."

"పేరుండే సోట పురుగులు తినేసినాయి సాబ్."

మీసం కూడా రాని కుర్రాడిగా ఓడ మెట్ల మీద పెట్టె పట్టుకొని నిలబడ్డ ఫోటో వచ్చినప్పుడు, గడ్డం నున్నగా గీయించుకున్నాడని చెప్పాను. స్నేహితుడు దాన్నీ వరసలో చివర పెట్టాడు. అప్పటికి అతను తెల్లారకముందే గంగవరం దోవలో పరుగెత్తడం మొదలుపెట్టి నెలయింది. గోనెసంచి అటక దిగింది.

నిజం చెప్పేద్దామని మూడుసార్లు పుంగనూరు పోయాను. మూడుసార్లూ బస్టాండులో టీ తాగి, అటూ ఇటూ తిరిగి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

కుప్పంలో మొదటి సగం చూసినవాళ్లు అదృష్టవంతులు. గనులవాళ్లు మందలా వచ్చి మీద పడితే, మావాడు రెండడుగులు వేసి, ఒక చూపు చూసి, బంతిని వాళ్ల సందుల్లోంచి పంపించేవాడు. అటూ ఇటూ సున్నా. నేను గీత వెంబడి పరుగెత్తి పరుగెత్తి, ఆడేవాళ్ల కన్నా ఎక్కువ అలసిపోయాను. రెండో సగం మొదలైన కాసేపటికి ఎవరూ తోయకుండానే, ఉత్తినే పక్కకు తిరగబోయి అతను కూలిపోయాడు. అదే మోకాలు.  గడ్డి లేని ఆ ఎర్రమట్టిని గుప్పిట పట్టుకొని పడి ఉన్నాడు. అతన్ని మోసుకొచ్చాక కెప్టెన్ నా వైపు వేలు చూపించాడు. దేన్ని తప్పించుకోవడానికి అంచులు కోశానో, అందులోకే దిగాను. రెండు గోల్స్‌తో ఓడిపోయాం. రెండూ నా పక్క నుంచే పోయాయి.

తిరుగు బస్సులో అతను సీటు మీద కాలు చాపుకున్నాడు. పలమనేరు దాటాక తనే మాట్లాడాడు.

"బట్టతలకు జుట్టు మొలిసినపుడే నాకు తెలిసిపోయింది."

"తెలిసీ యాల ఆడినావు?"

"నువ్వు వారం వారం వొచ్చి సదవతాంటే నా కాలు బాగుండేట్టే అనిపించేది. నీ మింద నాకేం కోపం లేదు, పోప్పా."

నేను కల్పించింది ఇదిగో, ఈ మూడు మాటలే. కత్తి నిజం, నూనె నిజం, కుప్పం బంతి సంగతి కూడా అర్ధం నిజం. బస్సులో అతను నాతో ఏమీ అనలేదు. అతనికి తెలిసి ఉంటే బాగుండునని నలభై ఏళ్లుగా ఆ మాటలు అతని నోట్లో పెడుతూ వచ్చాను. అడిగినవాళ్లందరికీ అలాగే చెప్పాను. జరిగింది వేరే. పలమనేరు నుంచి పుంగనూరు దాకా నేను నాలుగు సీట్లు మారాను, అతను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. పుంగనూరులో నేనూ కెప్టెనూ పట్టి దించితే, నా భుజం మీద చెయ్యి తియ్యకుండా అడిగాడు.

"వొచ్చే ఆదివారం పేపరు తెస్తావు కదా. ఆయన ఇంకా ఆడతాండాడా?"

"ఆడతాండాడు" అన్నాను.

అక్కడి నుంచి మదనపల్లె దాకా నేను కూర్చున్న చోటి నుంచి కదలలేదు.