సీసాకూ డబ్బాకూ పందెం

బీరు వాసనే పడని నేను ఒక బీరు పందెం తేలడం కోసం ఎదురుచూస్తున్నాను.

ఉప్పల్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లోని మూట, గతుకు రాగానే టంగుమంది. కంగారుగా విప్పి చూసుకుంది. పాత చీరలో ఒక బీరు సీసా, ఒక బీరు డబ్బా. నా చూపు గమనించి నవ్వింది.

"ఈ నల్ల బీరు రెండేండ్లు దాస్తె రుచి పెరుగుతదంట బిడ్డా. సీసాల దాస్తెనే మంచిగుంటదని మా ఆయన అంటడు. డబ్బాల్నైతె ఎలుగు తాకదు, గదే నయమని నేనంట. కల్లైతె పొద్దుగాల దించింది మాపటికే పులుస్తది, గిదేందో సూడాలె. రెండూ బియ్యం డ్రమ్ము ఎనక పెడ్త."

"ఆయన అన్నాళ్లు ఆగుతారా అమ్మా?"

"మొన్ననే పెద్ద ఆపరేషనైంది. నిన్న దవాఖానాల మంచం మీద ఉండంగనే పందెం కాసిండు."

నాచారంలో ఆమె లేచింది. "మరి మీరు ఓడిపోతే?" అన్నాను.

"ఓడితె ఓడుత. ఆ దినం సీసా మూత మాత్రం ఆయనే తియ్యాలె."