ఐదో నంబరు కీ

ఆ రోజుల్లో మా ఫిల్మ్‌నగర్ బస్తీలో హీరోల పేర్లకంటే సాఫ్ట్‌వేర్ అన్న మాటే ఎక్కువగా వినబడేది. కిరాయి పెరిగినా, టమాటా పిరమైనా, చివరికి మా బావమరిదికి పిల్ల దొరకకపోయినా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీదే పడేవాళ్ళం. జూబ్లీహిల్స్ వైపు ఎక్కే దారి మొదట్లో నాదొక సైకిలు షాపు. (షూటింగులకు సైకిళ్ళు నా దగ్గరే తీసుకునేవారు. హీరోయిన్ ఎక్కే సైకిలుకు చైను సరిగ్గా సమయానికి ఊడిపోయేలా బిగించడంలో నన్ను మించినవాడు లేడు.) వయసు నలభై దగ్గరికి వచ్చినా చేతిలో బలం, నోట్లో పొగరు ఇరవై ఏళ్ళవే. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా కాగితం చేతికిస్తే "కండ్లద్దాలు ఇంట్ల మర్చిన" అనేవాణ్ణి. అప్పటికి నాకు కళ్ళద్దాలే లేవు.

మధురానగర్‌లో కిరాయికుండే కోస్తా కుర్రాడొకడు అలవాటుగా నా దగ్గరికి వచ్చేవాడు. చాయ్ తాగేటప్పుడు కూడా తలమీది టోపీ తియ్యడు కాబట్టి మేము హెల్మెట్ సారు అనేవాళ్ళం. ఎక్కడో అద్దాల మేడలో ఉద్యోగం, సన్నటి టైర్ల రేసు సైకిలు, వచ్చే ఆదివారం జీవితంలో మొదటి పోటీ. దానికోసం రెండు హ్యాండిళ్ళు తెప్పించుకుని నా బల్లమీద పెట్టాడు. ఒకటి అల్యూమినియం, ఒకటి కార్బన్. కళ్ళు మూసుకుని చెరో చేత్తో తూచి, "మీరైతే ఏది పెడతారన్నా?" అన్నాడు.

కార్బన్ సంగతి నాకు చెప్పాలా? సైకిళ్ళలోకి రాకముందు పదేళ్ళు సినిమా హాలు ఆపరేటర్ గదిలో బతికినవాణ్ణి. మిషన్లో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి మండిస్తే ఆ వెలుగుకే తెరమీద బొమ్మ. చెయ్యి జారిందా, బలపంలా రెండు ముక్కలు. కొత్త దీపాలు వచ్చాక కడ్డీలూ పోయాయి, నేనూ పోయాను. అందుకే "సారూ, అది కిందపడితే పలుగుతది, దానిమీద ఛాతీ ఆనిచ్చి పోతవా?" అన్నాను. ఆయన హెల్మెట్ ఊగేలా నవ్వి, ఇది ఆ కార్బన్ కాదని, దారాలతో నేసిందని, విమానాలకు కూడా వాడతారని చెప్పాడు. మూడు రోజులు ఊగిసలాడి చివరికి కార్బనే ఖాయం చేశాడు. ఎందుకని గట్టిగా అడిగితే, "నల్లగా బాగుందండీ" అని ఒప్పుకున్నాడు. ఎలా బిగించాలో దానిమీదే రాసుందని చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

చూశాను. చీమల బారులాంటి అక్షరాలు, మధ్యలో ఒక ఐదు. అంకెలు మనకొచ్చు కదా! ఐదో నంబరు ఎలన్ కీ, అదే ఆరు పలకల వంకర కడ్డీ, తీసి పెడితే బోల్టులో అచ్చంగా కూర్చుంది. చదువుకున్నవాడిలా ఎంత మురిసిపోయానో. చెయ్యి నొచ్చేదాకా తిప్పితేనే బిగింపు అని మా ఉస్తాద్ మాట. తిప్పాను. టిక్. ఆ చప్పుడు నేను ఆపరేటర్ గదిలో పదేళ్ళు విన్నదే. విప్పి చూస్తే వెంట్రుకంత గీత. మళ్ళీ బిగిస్తే ఆ గీత పట్టీ కింద దాక్కుంటుంది, ఎవరికీ కనబడదు. దాచకుండా చెబుతున్నాను, బిగించాను కూడా. కానీ తలెత్తితే ఎదురుగా జూబ్లీహిల్స్ మీంచి కిందికొచ్చే దిగుడు. ఆదివారం పోటీలో ఆయన ఒళ్ళంతా ఆ గీతమీద మోపి దిగాల్సింది దాన్లోనే.

సాయంత్రం ఆయన రాగానే చెప్పేశాను. "సారూ, పలిగింది. నేనే పలగ్గొట్టిన. నాకు సదువు రాదు."

మొదటి రెండు మాటలూ తేలిగ్గానే వచ్చాయి, మూడోది మాత్రం నేల చూస్తూ చెప్పాను. ఆయన మొదటిసారి హెల్మెట్ తీశాడు. (అంత చిన్న వయసుకే బట్టతల, పాపం.) వంగి, ఆ అక్షరాలు చదివాడు.

"ఐదుకి మించి బిగించకూడదని ఉందన్నా."

"ఐదేంది?"

"బిగింపుకి కొలతంట."

"దేంతోని కొలుస్తరు?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "తెలీదండీ. నేనూ ఇప్పుడే చదువుతున్నా."

ఖరీదు మాటెత్తితే నోరు మూయించాడు. అల్యూమినియం హ్యాండిలుతోనే పోటీకి వెళ్ళి, వెనకనుంచి రెండోవాడిగా వచ్చాడు. కార్బన్ ఉంటే వెనకనుంచి మూడోవాణ్ణని ఇప్పటికీ వాదిస్తాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం తొక్కుడు అయ్యాక నా షాపులో కూర్చుని పలకమీద అక్షరాలు దిద్దించాడు. పగిలిన హ్యాండిలు గోడకు వేలాడదీసి, దానికింద సుద్దముక్కతో నాచేత మొదటి వాక్యం రాయించాడు, "ఇంతకు మించి వద్దు" అని. నేను "వదు" అని రాశాను.

"ఒత్తు మర్చిపోయావన్నా."

"ఒత్తితేనే గద సారూ పలిగింది."

షాపు ఎప్పుడో తీసేశాను. ఆ హ్యాండిలు ఇప్పుడు మా ఇంట్లో ఉంది, మా ఆవిడ దానిమీద నా తువ్వాలు ఆరేస్తుంది. ఇప్పుడు పేపరు, మందు డబ్బా, బస్సు బోర్డు అన్నీ చదువుతాను, కళ్ళద్దాలుంటే. అవే తరచు మర్చిపోతాను. మొన్న బ్యాంకులో ఎవరో కాగితం చేతికిస్తే "కండ్లద్దాలు ఇంట్ల మర్చిన" అన్నాను. నిజమే చెప్పాను, అయినా నా చెవికే అబద్ధంలా వినబడి, అక్కడే నిలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.