బడి గొంతు

నాది ఫోన్లో మాట్లాడే ఉద్యోగం. కాగితం చదివినట్టు కాకుండా సహజంగా మాట్లాడమని ట్రైనరు వారం రోజులుగా నన్ను నిలబెట్టి నేర్పిస్తున్నాడు. నిన్న అలసిపోయి పలాసలో బస్సు దిగేసరికి జీడిపిక్కలు కాల్చే పొగ వాసన తగిలింది. మామ్మ గుర్తొచ్చింది.

మామ్మ జీడి బట్టీలో పనిచేసేది. ఆమె చీరలకి ఎప్పుడూ ఆ వాసనే. నా చిన్నప్పుడు కిడ్నీ జబ్బుతో ఆసుపత్రిలో చేరింది. ఆ ఏడే నన్ను టెక్కలిలో కాన్వెంటుకి పంపారు. అక్కడ మా ఇంటి యాసలో "సెప్పు", "సూడు" అంటే టీచరు చేతిమీద కొట్టేది. పుస్తకంలో ఉన్నట్టు పదం పదం విడదీసి పలకడం నేర్చుకున్నాను. మంచి మాటంటే అదే అనుకున్నాను.

మామ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచం పక్కన నిటారుగా నిలబడ్డాను. "మామ్మా, నీ ఆరోగ్యం ఎలా ఉన్నది? నేను చక్కగా చదువుకొనుచున్నాను" అన్నాను.

మామ్మ మెచ్చుకోలేదు. నీరసంగా నా వైపు చూసి, "నా మీద కోపమొచ్చిందేటే? పరాయోలతో మాటాడినట్టు మాటాడతన్నావు" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "కోపం నేదే మామ్మా! నువ్వు నేకపోతే నాకు నిద్దర రావట్నేదే. బేగి ఇంటికొచ్చీ!"

"ఇదిగో, ఇప్పుడొచ్చింది నా మనవరాలు" అని మామ్మ నా తల నిమిరింది.

ఆమె ఆ వేసవిలోనే పోయింది. బడి గొంతు మాత్రం నాతోనే ఉండిపోయింది. దాన్ని వదిలించుకోవాలంటే ఆ రోజులా ఎవరికోసమైనా ఏడవగలగాలేమో. ఇప్పుడు నాకంత ఓపిక లేదు.