నాంపల్లిలో గోడ దాటిన కుర్చీ

పెళ్ళిళ్ళలో ఈ మధ్య వేస్తున్న ఇనప మడతకుర్చీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. అవి ఏ క్షణాన ముడుచుకుంటాయో వాటికే తెలీదు. మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు నేను నేల మీద ఉన్నాను. అక్షింతలు వధూవరుల కంటే నా మీదే ఎక్కువ పడ్డాయి. దీనికీ నా సైనిక జీవితానికీ ఏ సంబంధం లేదంటుంది మా ఆవిడ. కుర్చీ మాట వచ్చినప్పుడల్లా నేను నాంపల్లి సంగతి ఎత్తుకుంటానని ఆమెకు భయం. న్యాయమైన భయమే.

మా కంపెనీ నాంపల్లి స్టేషనులో దిగినప్పుడు వాన. పోలీసు చర్య ముగిసి అప్పటికి మూడేళ్ళు. యుద్ధం లేదు. మమ్మల్ని ఎందుకు పంపారో మాకు తెలీదు. అడిగే అలవాటు సైన్యంలో లేదు. నా సామాను ఒక రైఫిలు, రెండు దుప్పట్లు, గ్రౌండ్‌షీటు, నీళ్ళ సీసా, రేకు ట్రంకు. ట్రంకు అడుగున బి.ఏ. పట్టా. ఆ ప్రయాణంలో తడవనిది అదొక్కటే. దాన్ని బయటికి తీయాల్సిన పని అప్పటిదాకా ఎవరికీ పడలేదు.

స్టేషను వెనక ఒక నవాబు గారి దేవిడీలో మా మకాం. దేవిడీ అంటే ప్రహరీ, తోట, గుర్రపుశాల ఉన్న పాత భవంతి. హాల్లో దీపాల గుత్తి వేలాడదీసే కొక్కెం ఉంది, దీపాల గుత్తి లేదు. మా సిగ్నల్ వాడు ఆ కొక్కేనికి వైర్‌లెస్ తీగ తగిలించి, కిటికీలోంచి చింతచెట్టు మీదికి లాగాడు. వంట హవల్దారు గుర్రపుశాలలో పొయ్యి పెట్టాడు. గుర్రాలు ఎప్పుడో వెళ్ళిపోయాయి గానీ వాటి వాసన ఉండిపోయింది. సాంబారుకు అది తోడైంది. మొదటి వారం అందరూ ముక్కు మూసుకున్నారు. రెండో వారం, ఇదేమిటి, ఈ రోజు రుచి తగ్గిందన్నారు.

పొద్దున ఆరింటికి గస్తీ. దేవిడీ గేటు నుంచి స్టేషను, అక్కణ్ణుంచి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు, మళ్ళీ వెనక్కి. ఎనిమిదిమందిమి. వాన పడితే గ్రౌండ్‌షీట్లు భుజాల మీద కప్పుకుని, ఎండ వస్తే ఆవిర్లు కక్కుతూ నడిచేవాళ్ళం. ఇరానీ హోటళ్ళ ముందు జనం చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ మమ్మల్ని చూసేవాళ్ళు. మేం వాళ్ళ చాయ్‌ని చూసేవాళ్ళం. అబిడ్స్‌లో అద్దాల కొట్ల ముందు కార్లు ఆగేవి. అదే రోడ్డు మీద తలల మీద మూటలతో పల్లెజనం స్టేషను నుంచి దిగి వచ్చేవాళ్ళు. ఏ మూట ఎటు వెళ్ళాలో వాళ్ళకూ తెలిసేది కాదు.

వైర్‌లెస్‌లో మా యుద్ధ వార్తలు ఇలా ఉండేవి.

"పోస్టాఫీసు దగ్గర పరిస్థితి చెప్పు. ఓవర్."

"జనం స్టాంపులు కొంటున్నారు సార్. ఓవర్."

"వరస ప్రశాంతంగా ఉందా? ఓవర్."

"ఒకాయన మధ్యలో దూరాడు సార్. ఆయన్ని మిగతావాళ్ళే సర్దారు. ఓవర్."

ఇలా ఉండగా ఒక రోజు మా కెప్టెన్ పిలిచాడు. కూర్గు మనిషి. మాట తక్కువ, పైపు ఎక్కువ.

"నువ్వు ఎకనామిక్స్ చదివావటగా?"

"చదివాను సార్. పాసయ్యాను కూడా."

సంగతి ఇది. దేవిడీ వెనక ప్రహరీని ఆనుకుని పనివాళ్ళ గదులు రెండున్నాయి. రెంటి పెరళ్ళకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ. ఒక గదిలో సిద్దీ కుటుంబం. సిద్దీలంటే ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చి సంస్థానం గుర్రపు దళంలో కొలువు చేసినవాళ్ళ సంతతి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. రెండో గదిలో నల్లగొండ పల్లె నుంచి వచ్చిన తెలుగు కూలీ కుటుంబం. పైనుంచి ఒక్క చౌకీదారు ఉద్యోగం మంజూరైంది. పర్మనెంటు. దాంతోపాటు ఒక గది. రెండో గది పడగొట్టి ట్రక్కుకు షెడ్డు వేస్తారు. ఉద్యోగం రానివాళ్ళు గది ఖాళీ చేసి వెళ్ళాలి.

"ఈ రెండు జాతుల ఆర్థిక, సామాజిక పరిస్థితులు పోల్చి చూడు," అన్నాడు కెప్టెన్. "ఎవరు ఎక్కువ లేనివాళ్ళో వాళ్ళకే ఇద్దాం."

చదువుకున్న చదువు దేశానికి పనికొచ్చే రోజు వచ్చింది. మీసం దువ్వుకుని బయల్దేరాను. వీపున వైర్‌లెస్ సెట్టుతో సిగ్నల్ వాడు నా వెంట వచ్చాడు. అతను విజయనగరం మనిషి. నా ఎకనామిక్స్ మీద అతనికి పెద్ద నమ్మకం లేదు.

మొదట సిద్దీల ఇల్లు. మసూద్ ఆరడుగుల మనిషి. దళంలో బ్యూగిల్ ఊదేవాడు. దళం రద్దయి గుర్రం పోయినా, గుర్రం మీద ఉన్నట్టే నడిచేవాడు. భార్య జైనబ్బీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మామూలు కుర్చీ కాదు. చేతులున్న నల్లచెక్క కుర్చీ. తల ఆనించుకోడానికి వెనకాల మెత్త, అది పైకీ కిందికీ జరుగుతుంది. అంత భోగం మా ఊరి జమీందారుకు కూడా లేదు. గులాబీ పువ్వు వేసిన పింగాణీ కప్పులో చాయ్ ఇచ్చింది.

"ఇల్లు ఎలా గడుస్తోందమ్మా?"

"అల్లా దయ సాబ్. ఏం కమ్మీ లేదు. రెండు పూటల గోష్తే."

రెండు పూటలా మాంసమేనని మసూద్ తల ఊపాడు. ఆ ఊపులో కొంచెం ఆకలి ఉందేమోనని నాకు అనుమానం వచ్చింది గానీ, అనుమానాలకు ఎకనామిక్స్‌లో చోటు లేదు. రెండో ఇంటికి రేపు వస్తానని చెప్పి పంపి, గేటు వైపు నడిచాను. మలుపు దగ్గర వైర్‌లెస్ మోగింది. రెండూ ఈ రోజే చూసి రమ్మని కెప్టెన్. వెనక్కి తిరిగాం.

తిరిగేసరికి కుర్చీ గోడ మీద ఉంది.

ఇటు నుంచి మసూద్ ఎత్తి పట్టుకున్నాడు. అటు నుంచి కూలీ ఎల్లయ్య వంగి వీపు మీదికి తీసుకుంటున్నాడు. ఎల్లయ్య భార్య లచ్చమ్మ చేతిలో గులాబీ కప్పు, కొంగుతో తుడుస్తోంది. నలుగురూ బొమ్మల్లా నిలబడిపోయారు. కోడి ఒక్కటే అటూ ఇటూ తిరిగింది.

సిగ్నల్ వాడు తన విధి మరవలేదు. "కుర్చీ ఒకటి గోడ దాటుతోంది సార్. ఓవర్."

"ఎటు నుంచి ఎటు? ఓవర్."

"సిద్దీల వైపు నుంచి తెలుగువాళ్ళ వైపు సార్. ప్రశాంతంగానే ఉంది. ఓవర్."

ముందు తేరుకున్నది లచ్చమ్మే. కుర్చీ నేలకు దింపించి, సీటు మీద ఒకసారి చెయ్యి తుడిచి, "వచ్చింది గద సార్, కూసో," అంది.

కూర్చున్నాను. ఏం చెయ్యను, అలవాటైన కుర్చీ.

అంతలో సందులోంచి చేతిలో కత్తితో ఒకడు పరుగెత్తుకొచ్చాడు. నేను రైఫిలు కోసం చూశాను. అతను నాంపల్లి రోడ్డు మీద కటింగ్ షాపు నడిపే నర్సింహ. వెనకాల సగం గడ్డం నురగతో, సగం గడ్డం నున్నగా ఒక పెద్దమనిషి.

"మీ సర్వే అయిందా లేదా సార్? పొద్దుగాల సంది గిరాకి నిలవడి గడ్డం జేయించుకుంటున్నది. గీయనకు కాళ్ళు గుంజుతున్నయట."

పెద్దమనిషి ఔనన్నట్టు నురగ ఊపాడు.

అప్పుడు నాకు తల ఆనించే మెత్త ఎందుకో తెలిసింది. గౌరవంగా లేచి నిలబడ్డాను. నర్సింహ కుర్చీని నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఎల్లయ్యా, ఎందుకయ్యా ఇదంతా?" అన్నాను.

ఎల్లయ్య స్టేషను గూడ్స్ యార్డులో బస్తాలు మోసేవాడు. మాటలు మాత్రం తూచి దింపేవాడు. "చౌకీదారు నౌకరీ గద సార్. ఇంట్ల ఏం లేనోనికి కాపలా ఎవడిస్తడు? వీడే ఎత్కపోతడంటరు."

"దేవిడీలల్ల అంతే సాబ్," అన్నాడు మసూద్. "ఖాందాన్ చూస్తరు, కుర్సీ చూస్తరు, అప్పుడు కొలువిస్తరు."

మా కెప్టెన్ ఎవరు ఎక్కువ బీదవాళ్ళో చూసి రమ్మన్నాడు. వీళ్ళు ఎవరు ఎక్కువ కలవాళ్ళో చూపించడానికి పోటీ పడుతున్నారు. నేను చదివిన పుస్తకాల్లో ఈ మార్కెట్టు లేదు.

"సరే, పోటీ అనుకుందాం. మరి మీలో ఒకళ్ళకు కుర్చీ దొరికితే రెండోవాళ్ళకు ఎందుకిస్తున్నారు?"

జైనబ్బీ గోడ మీదుగా నన్ను జాలిగా చూసింది. "పోటీ నౌకరీకి సాబ్. కుర్సీకి కాదు. లచ్చమ్మ ఇంటికి మెహమాన్ వస్తే కింద కూసుంటడా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఈసారి సర్వేకు పీట పట్టుకొద్దాం," అన్నాడు సిగ్నల్ వాడు. ఊరుకోక, "మా కెప్టెన్ లేనోళ్ళకే ఇమ్మన్నాడమ్మా," అని కూడా అనేశాడు.

మర్నాడు గస్తీ నుంచి వస్తూ తొంగి చూశాను. లచ్చమ్మ తన రాగి బిందె గోడ మీద పెట్టి, "ఇది నీదే జైనబక్కా, మొన్న మర్శిపోయినవ్," అంటోంది. జైనబ్బీ దాన్ని వెనక్కి నెట్టి, పైన తన కోడిని కూర్చోబెట్టి, "మురిగీ గూడ నీదే, తీస్కో," అంటోంది. మధ్యాహ్నానికి రెండిళ్ళ సామానూ గోడ మీదే ఉంది. గోడ ఒక్కటే సంపన్నురాలు.

నవ్వుకున్నాం. ఆ తర్వాత వారం మాత్రం నేను నిజంగానే పని చేశాను. రోజూ గస్తీ అయ్యాక వెళ్ళి గోడ పక్కన నేల మీదే కూర్చున్నాను. నేల మీద కూర్చున్నవాడితో జనం నిజం మాట్లాడతారు.

సిద్దీలకు తాతల నాటి నుంచి కొలువు, యూనిఫారం, పండగకు ఇనాము, ఇంటి నిండా డప్పుల పాట. మసూద్‌కు ఉర్దూ చదవడం, గుర్రాన్ని మాలిమి చెయ్యడం, బ్యూగిల్ ఊదడం వచ్చు. హైదరాబాదులో ఆ ఏడు ఈ మూడింటితో ఎవరికీ పని లేదు. గూడ్స్ యార్డుకు వెళ్తే ముఠా మేస్త్రి, "నీకెందుకు దొరా ఈ పని," అని నవ్వి పంపేశాడు. ఎల్లయ్యకు ఆ యార్డులో పని ఉంది, వాన లేని రోజున. అతను ఊళ్ళో దొర దగ్గర వెట్టి చేసి చేసి, ఒకనాడు భార్య చెయ్యి పట్టుకుని రైలెక్కాడు. అక్షరం రాదు. వేలిముద్ర వెయ్యమన్నా భయమే. మసూద్ పేరు చెబితే నగరంలో సలాము కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, అన్నం పెట్టేవాళ్ళు లేరు. ఎల్లయ్యకు ఏదో ఒక పూట అన్నం దొరుకుతోంది, ఏమయ్యా అని పలకరించేవాడు లేడు. ఒకరు గుర్రం దిగినవాళ్ళు. ఇంకొకరు ఎన్నడూ ఎక్కనివాళ్ళు. నేల మీద ఇద్దరిదీ ఒకే ఎత్తు.

ఇదే రాసి ఇచ్చాను. కెప్టెన్ రెండుసార్లు చదివి పైపు దించాడు.

"బాగుంది. ఎవరికిద్దాం?"

"అది ఎకనామిక్స్ పరిధిలోకి రాదు సార్."

"నీ చదువుకు నా సానుభూతి," అన్నాడు. మాజీ సైనికుడికి మొదటి హక్కు అనే నిబంధన చూపించి మసూద్ పేరు మీద సంతకం చేశాడు. మసూద్ ఖాకీ తొడుక్కుని, గేటు దగ్గర నిలబడి, నాకు కొట్టిన సెల్యూట్ చూస్తే నేనే జనరల్ అయినట్టనిపించింది. రెండో గది కూలగొట్టారు. ఎల్లయ్య వాళ్ళు చాదర్‌ఘాట్ వైపు వెళ్ళారని ఎవరో అన్నారు. లచ్చమ్మ వెళ్ళేటప్పుడు నేను గస్తీలో ఉన్నాను. ఆ పూట సాంబారు రుచి తెలియలేదు.

చలికాలం చివర మాకు బదిలీ వచ్చింది. సామాను ట్రక్కుకెక్కింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నేను సైన్యం వదిలి రాజమండ్రి చేరి, కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పాను. వనరులు, పంపిణీ అని బోర్డు మీద రాసి పిల్లల వైపు తిరిగిన ప్రతిసారీ నాకు కళ్ళముందు కనబడేది ఒక్కటే. నాంపల్లిలో మా ఆఖరి పూట చూసిన గది.

ఆ పొద్దున తాళాలు అప్పగించడానికి కెప్టెన్ చౌకీదారు గదికి వెళ్ళాడు. వెనక నేను. తలుపు తీసే ఉంది. ఒకే గదిలో రెండు పొయ్యిలు. ఒకదాని మీద జైనబ్బీ గోష్తు ఉడికిస్తోంది. రెండోదాని మీద జొన్న గటక కలుపుతున్నది లచ్చమ్మ. రెండు పొగలూ కలిసి ఒకే కిటికీలోంచి బయటికి పోతున్నాయి. యార్డుకు పోబోతూ ఎల్లయ్య తలపాగా చుట్టుకుంటున్నాడు. గుమ్మం దగ్గర మసూద్ అటెన్షన్‌లో నిలబడి, గాలిలోకి చూస్తున్నాడు.

కెప్టెన్ నా వైపు తిరిగాడు. "ఒక్క కుటుంబానికి కదా ఇచ్చింది? ఇదేమిటో అడుగు."

నేను అడిగాను.

లచ్చమ్మ గరిటె పక్కన పెట్టలేదు. తల మాత్రం ఎత్తింది.

"గింత పెద్ద ఫౌజును తోల్కొచ్చిన్రు, నౌకరీ ఒక్కటే తెచ్చిన్రు. మేమేం జెయ్యాలె సార్?"